పన్నెండు బస్తాలు

వడ్డేపల్లి చెరువు అవతల, కొత్త ఇండ్ల వరుసల
ప్రభంజన్ సారు ఇల్లు.
మే నెల. పొద్దున పదకొండుకే బండలు కాలుతున్నయి.
పూలు నీళ్లు జొన్నాకు రంగుకు తిరిగినయి.
గోడ మీది డబ్బాల ఎర్ర లైటు
కొట్టుకుంటనే ఉన్నది:
ఉప్పు తక్కువ, ఉప్పు తక్కువ.

"ఎనిమిది బస్తాలకు నిండాలె. పన్నెండు కొన్న.
నాలుగు యాడికి వోయినయి?"
నన్నే అడిగిండు సారు,
చూపు మాత్రం ఓదెలు మీద.
"మా ఉప్పు తినుకుంటనే..."
మాట సగంల ఇడిచిపెట్టి ఫోనెత్తిండు.

ఓదెలు మందారానికి పైపు పట్టుకొని నిలవడ్డడు.
పాదు నిండింది. నీళ్లు బండల మీదికొచ్చి
ఆయన చెప్పులను తడిపినయి.
పైపు పక్కకు జరపలే.

మోటారు రూముల నా ఎనకనే వచ్చి, మెల్లగ:
"మేడారంల బెల్లం మోసినట్టు
నెత్తిన మోసి పోసినన్నా.
నాల్కె మీదేసుకొని గూడ చూసిన. ఉప్పగనే ఉన్నది.
నా నాల్కెకు లైటు లేదు గద, ఎవలు నమ్ముతరు?"
మూలకున్న ఖాళీ సంచులు ఇప్పిండు.
మడత మడత ఇప్పి నేల మీద పరిచిండు.
పన్నెండు.
సంచులే గద, ఖాళీయి, అంటడట సారు.

నేను కాజీపేటోణ్ణి, సముద్రం చూడలే.
విశాఖ పొయ్యే రైళ్లు మా గేటు కాడ రోజూ ఆపుతయి నన్ను,
ఎక్కించుకోవు.
గని సముద్రంల పదోవంతు ఉప్పుతోటి
నీళ్లల్లనే మందు పుట్టించే మిషను
ఎట్ల అలుగుతదో నాకెరికే.

నీటి పోక చూసిన, మంచిగనే ఉన్నది.
ఫిల్టరు కడిగిన. వైర్లు గుంజి చూసిన.
ఆఖరుకు కరెంటు బందుపెట్టి, సెల్లు మరలిప్పి
కంటి ముందల ఎత్తి పట్టిన:
పలకకూ పలకకూ నడుమ
తెల్లగ, గట్టిగ, సున్నం.
తొమ్మిది వందల ఫీట్ల బోరు నీళ్ల సున్నం.
మా ఇంట్ల చాయ గిన్నె అడుగున కట్టేది గూడ గిదే,
కోమల చింతపండేసి రుద్దుతది.
సున్నం గోడ ఇవతల కూసోని
అవతల ఉప్పే లేదంటున్నది మిషను.

బకెట్ల ముందు నీళ్లు, ఆ తర్వాతనే యాసిడ్.
ఉల్టా పోస్తే మొకం మీదికొస్తది, ఓదెలుకు చెప్పిన.
గోలీసోడ కొట్టినట్టు బుస్సుమన్నది,
నురుగొచ్చింది, నురుగు తగ్గింది,
ఇద్దరం గొంతుక్కూసోని చూసుకుంట ఉన్నం.
పావుగంటకు పలకలు బూడిద రంగుల బయటవడ్డయి.

సెల్లు బిగించక ముందే పట్టీ ముంచిన.
అయిదు వేలకు జరంత తక్కువ.
గోడ మీద సుద్దముక్కతోటి రాసిన:
అరవై వేల లీటర్లు. ఇరవై అయిదు కిలోల బస్తా.
బస్తాకు నాలుగు వందల పదహారు.
పన్నెండుతోటి గుణించిన.

"ఉప్పంత నీళ్లల్లనే ఉన్నది సారూ.
ఉండవలసినదానికన్న ఎక్కువుంది.
మూడోవంతు నీళ్లు తీసెయ్యాలె.
చెట్లకు పారియ్యొద్దు, చస్తయి."

సారు లెక్కను కింది నుంచి మీదికి చదివిండు.
మళ్ల మీది నుంచి కిందికి.
"టాంకరుకు ఎంతైతది?" అన్నడు.
గంతే.

పచ్చ లైటు వచ్చింది.
ఓదెలు సంచులను మళ్ల మడతపెట్టి
అదే మూలకు పెట్టిండు. పారెయ్యలే.
నేను బండి తీస్తుంటే గేటు కాడికొచ్చి
"ఆ సుద్ద లెక్క చెరపకున్నవు గద?" అని అడిగిండు.
చెరపలే అన్న.

రాత్రి కంచం ముందల చేతులకు ఇంక యాసిడ్ వాసన.
"పప్పుల ఉప్పు తక్కువైందేమో, ఏసుకో" అన్నది కోమల
డబ్బా జరుపుకుంట.
మూత ముట్టలే నేను.
ముందుగాల ఒక బుక్క తిన్న.